‘అంటున్న’: ఒక ఉత్తరంలోని పనితనం

“నా పేరు మీద బాకీ ఉన్నదని మీరు అంటున్న ఖాతా గురించి ఈ ఉత్తరం.”

మా పెద్దబాపు రాసిన ఉత్తరాల్లో నేను దాచుకున్న నకలు ఒకటి ఇలా మొదలవుతుంది. గీతల తెల్లకాగితం, నీలి సిరా, ముప్పావు పేజీ. చదవడానికి రెండు నిమిషాలు పట్టదు. చీర నేత తెలిసినవాళ్ళు కొంగు తిరగేసి వెనకవైపు చూసినట్టు, నేను దాన్ని ఏడాదికి పైగా తిరగేస్తూనే ఉన్నాను. చదివినకొద్దీ అందులో లేనివి కనబడుతున్నాయి. ఫోన్ నంబరు లేదు. జీతం ఎంతో లేదు. బతిమాలడం లేదు, కోపం లేదు. ‘ఎందుకు’ అన్న మాట ఒక్కసారి కూడా లేదు. ఇవేవీ మరచిపోయి వదిలేసినవి కావు.

పెద్దబాపు గోదావరిఖనిలో ఒక భూగర్భ గని టైం ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. తన పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు. టైం ఆఫీసంటే మస్టర్ల లెక్క ఉండే చోటు. ఏ షిఫ్టులో ఎవరు బాయి దిగారు, ఎవరు దిగలేదు, ఎవరు సిక్కులో ఉన్నారు అన్నదంతా అక్కడే తేలుతుంది. అప్పటి గనుల చట్టం ప్రకారం ఏడాదిలో భూగర్భంలో చేసేవాళ్ళకు 190 హాజర్లు, ఉపరితలంలో చేసేవాళ్ళకు 240 నిండితేనే జీతంతో సెలవుకు అర్హత ఉండేది. నూట ఎనభై తొమ్మిది దగ్గర ఆగిపోయిన మనిషి తన నూట తొంభయ్యో మస్టర్ ఎక్కడ పోయిందని కిటికీ దగ్గర నిలబడి అడుగుతుంటే, రిజిస్టరు తీసి తేదీలవారీగా వేలు పెట్టి చూపించడం ఆయన పని. ముప్పై ఏళ్ళకు పైగా అదే చేసిన మనిషికి రికార్డులో ఉన్నదానికీ నోటిమాటకూ మధ్య దూరం బాగా తెలుసు. ఇప్పుడు యైటింక్లయిన్ కాలనీ దగ్గర తన ఇంటి వరండాలో కూర్చుని అదే పని చేస్తున్నాడు. అప్పట్లో కంపెనీ రిజిస్టరు, ఇప్పుడు అప్పులవాళ్ళ ఖాతా.

ఈ ఉత్తరం 2024 అక్టోబరు నాటిది. అంతకు ముందు నెలలోనే సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా 33 శాతమని, మొత్తం 796 కోట్లని ప్రభుత్వం ప్రకటించింది. తలకు సగటున ఎంత వస్తుందో కూడా పేపర్లలో వచ్చింది. దీపావళికి బోనస్ 93,750 రూపాయలన్నదీ అందరికీ తెలిసిందే. దేశంలో ఇంకే ఉద్యోగి రాబడి మీదా ఇంత బహిరంగంగా లెక్కలు వేయరేమో. బాయి పనివాడికి ఏ నెలలో ఎంత చేతికొస్తుందో కూరగాయల బండి దగ్గరి మనిషికి తెలుసు, అప్పిచ్చేవాడికి అంతకంటే ముందే తెలుసు. దసరా ముందర వసూలు ఫోన్లు పెరగడం ఈ బెల్టులో ఏటా చూసేదే.

ఆ అక్టోబరులో ఒక జనరల్ మజ్దూర్ పెద్దబాపు దగ్గరికి వచ్చాడు. చాలా ఏళ్ళ కిందట ఒక ఫైనాన్స్ కంపెనీలో వ్యక్తిగత అప్పు తీసుకున్నాడు. కిస్తులన్నీ జీతం ఖాతాలోంచి కోతపడి తీరిపోయిందనుకున్నాడు. ఇప్పుడు ఇంకో కంపెనీ పేరు చెప్పి, ఆ అప్పు మేము కొన్నాం, ఇంత బాకీ ఉంది అని ఫోన్లు. ఆయనకే కాదు, ఆయన భార్యకు, పక్క క్వార్టర్ వాళ్ళకు, చివరికి గని ఆఫీసుకు కూడా. “వివరాలు సరిచూస్తాం, ఆధార్, పాన్, మూడు నెలల పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు వాట్సాప్‌లో పెట్టండి” అని ఒకాయన మర్యాదగానే అడిగాడట. అవన్నీ జిరాక్సులు తీయించుకుని కవర్లో పెట్టుకుని వచ్చాడు.

“సారూ, ఇవి పంపితే అయిపోతదంటున్నరు.”

“తమ్మీ, లెక్క నువ్వు అడగాలె. నువ్వే ఇస్తున్నవేంది?” అన్నాడు పెద్దబాపు. ఆ కవరు తీసుకుని పక్కన పెట్టాడు. మిగిలిందంతా ఉత్తరంలో ఉంది.

మొదటి వాక్యంలోని ‘అంటున్న’ దగ్గరికి వస్తాను. 1963 నాటి కాలపరిమితి చట్టంలో 18వ సెక్షన్ ఒకటుంది. మామూలు అప్పు వసూలుకు కోర్టుకెక్కే గడువు మూడేళ్ళు. ఆ గడువు ముగిసేలోపల, బాకీ ఉన్నదని అప్పు తీసుకున్నవాడు రాసి సంతకం పెడితే, సంతకం పెట్టిన రోజు నుంచి గడువు మళ్ళీ మొదలవుతుంది. ‘నా బాకీ వివరాలు పంపగలరు’ అని అమాయకంగా రాసిన ఒక్క లైను కూడా అవతలి వకీలు చేతిలో ఒప్పుకోలుగా మారే ప్రమాదం ఉంది. ‘నా బాకీ’ అన్న రెండు మాటల్లో ‘నా’ అన్నది ఎంత బరువో చూడండి. గడువు దాటిన తర్వాత మాత్రం వట్టి ఒప్పుకోలు చాలదు, కడతానని రాసిచ్చిన మాట కావాలి. కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ సంగతి అది. ఫోన్లో ‘పోనీ ఒక వెయ్యి కట్టండి, మీకు టైం ఇస్తాం’ అని తియ్యగా అడగడం వెనక కూడా ఈ గడువుల లెక్కే ఉంటుంది. గడువులోపల కొంత కట్టి, కట్టినట్టు చేతిరాత గానీ సంతకం గానీ ఉంటే దానికీ కొత్త గడువు పుట్టించే బలం ఉంది.

ఈ చిక్కును ఇంగ్లిషులో రాసే వకీళ్ళు పొడుగాటి రక్షణ వాక్యం ఒకటి తగిలించి దాటతారు. పెద్దబాపు తెలుగు వ్యాకరణంతో దాటాడు. మన భాషలో ‘అని’ అనే చిన్న మాట ఉంది. దానికి ముందున్నదంతా అవతలివాడి నోటిదే. ‘బాకీ ఉన్నదని మీరు అంటున్న ఖాతా’ అన్నప్పుడు బాకీ ఉండడం కంపెనీ మాట అయింది. ఖాతా ఒకటి ఉన్నదన్నంతవరకే రాసినవాడిది. కాదనలేదు, ఔననలేదు. ఉత్తరమంతా ఈ ‘అంటున్న’ వదల్లేదు. ‘మీరు కొన్నామంటున్న అప్పు’, ‘నేను సంతకం చేశానంటున్న ఒప్పందం’, ‘మిగిలిందంటున్న మొత్తం’. పల్లెల్లో పంచాయితీకి కూర్చున్న పెద్దమనిషి ఎవరి మాట వాళ్ళ నోట్లోనే ఉంచి మాట్లాడే పద్ధతి ఇది. దాన్ని చట్టం అవసరానికి ఇంత నిక్కచ్చిగా వాడిన కాగితం నేను వేరే చూడలేదు.

ఉత్తరం తెలుగులో ఉండడం కూడా ఆలోచించి చేసిందే. అప్పు తీసుకున్నవాడికి అర్థమయ్యే భాషలో రాతకోతలు జరపాలని ఫైనాన్స్ కంపెనీలకు రిజర్వు బ్యాంకు నియమావళి చెబుతోంది. “జవాబు తెలుగులో పంపగలరు” అని చివర ఒక లైను.

తర్వాత అడిగినవి. ఆరు ఉన్నాయి. అప్పు మంజూరు చేసిన కాగితం నకలు. సంతకాలతో ఉన్న ఒప్పందం నకలు. మొదటి కిస్తు నుంచి ఇవాళ్టిదాకా తేదీలవారీ ఖాతా. ఈ ఖాతా మీ చేతికి వచ్చిందనడానికి పత్రంలో దీనికి సంబంధించిన భాగం. ఫోన్లు చేస్తున్న ఏజెన్సీకి మీరిచ్చిన అధికార పత్రం. ఆరోది నాకు ఎంతో ఇష్టం: “నా భార్య, ఇరుగుపొరుగు, పనిచేసే చోటు ఫోన్ నంబర్లు మీ రికార్డులో ఏ తేదీన, ఏ కాగితం ద్వారా చేరాయో ఆ నమోదు.”

ఇది గోప్యత గురించిన ప్రశ్నే. కానీ గోప్యత అన్న మాట వాడలేదు. నా హక్కు, నా పరువు అనలేదు. రికార్డులో ఏముందో చూపమన్నాడు, అంతే. ‘మా వాళ్ళకు ఎందుకు ఫోన్ చేశారు’ అని అడిగితే వంద జవాబులు చెప్పొచ్చు. ‘ఆ నంబరు ఏ రోజున ఎక్కింది’ అంటే రిజిస్టరు తీయాల్సిందే. సమాచార హక్కు దరఖాస్తుల్లోనూ ఆయన ఇదే పాటిస్తాడు. 2005 చట్టం కింద రావాల్సింది ఆఫీసులో ఉన్న రికార్డు, ఆఫీసరు అభిప్రాయం కాదు. అందుకే ఆయన అడిగే ప్రతిదానికీ ఒక కాగితం, ఒక తేదీ ఉంటాయి. టైం ఆఫీసు కిటికీ ఇవతల నిలబడ్డవాడు ఏ ప్రశ్న వేస్తే రిజిస్టరు తెరవక తప్పదో, కిటికీ అవతల ముప్పై ఏళ్ళు కూర్చున్నవాడికి తెలియక ఎవరికి తెలుస్తుంది?

ఇంగ్లండులో ఉంటున్న మన పిల్లలకు ఇలాంటి తగాదాలో రెండు వేరువేరు ఉత్తరాలు రాసే వీలుంది. 1974 నాటి వినియోగ రుణాల చట్టం కింద ఒక పౌండు కట్టి ఒప్పందం నకలు అడగొచ్చు. పన్నెండు పనిదినాల్లో ఇవ్వకపోతే, ఇచ్చేదాకా ఆ అప్పును కోర్టులో అమలుపరచలేరు. రెండోది సమాచార రక్షణ చట్టం కింద, తన గురించి కంపెనీ దగ్గరున్న వివరమంతా నెలలోపల ఉచితంగా ఇమ్మని. మన దగ్గర అంత పదునైన పనిముట్లు లేవు. పెద్దబాపు ఆ రెండు పనులనూ ఒకే ముప్పావు పేజీలో కూర్చాడు.

మనకూ 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. నా గురించి మీ దగ్గరేముందో చెప్పమని అడిగే హక్కు దాని 11వ సెక్షన్‌లో ఉంది. ఇది రాయలేదేమని అడిగాను. “ఇంకా అమల్లకు రాలేదు కదరా. ప్రాణం పోసుకోని సెక్షన్ రాస్తే, ఉన్న సెక్షన్‌ను గూడ నమ్మరు” అన్నాడు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఈ హక్కుల భాగం అమలుకు అక్కడి నుంచి 18 నెలల గడువు పెట్టారు. అది అమలయ్యాక కూడా, ఆర్థిక సంస్థకు అప్పు ఎగవేసినవాళ్ళ ఆస్తిపాస్తులు తెలుసుకునే పనికి అదే చట్టం 17వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కాబట్టి ఉత్తరంలో చట్టాల పేర్లు దండిగా దంచలేదు. రిజర్వు బ్యాంకు నియమాలు రెండే ఎత్తాడు. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదన్న 2022 ఆగస్టు నాటిది ఒకటి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్‌కు పోవచ్చన్న 2021 పథకం రెండోది.

ఆ ఎనిమిది నుంచి ఏడు అన్న లెక్క బాయి మనిషికి సరిపడదు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఇల్లు చేరి పడుకున్నవాడికి పది గంటల ఫోనే అర్ధరాత్రి ఫోను. పెద్దబాపు దానికీ ఒక వాక్యం రాశాడు: “నేను షిఫ్టుల్లో పనిచేస్తాను కనుక ఫోన్ వద్దు, రాతలో అడగండి, ఈ చిరునామాకు మాత్రమే.” ఆ చిరునామా కూడా కంపెనీ పంపిన మెసేజిలో ఉన్నదే. వాళ్ళకు ఇదివరకే తెలిసినది తప్ప కొత్తది ఒక్కటీ ఉత్తరంలో లేదు. ఖాతా నంబరు వాళ్ళదే, పేరు వాళ్ళు రాసినట్టే.

మరి అడిగేవాడు నిజంగా ఆ మనిషేనని కంపెనీకి ఎలా తెలియాలి? అది న్యాయమైన ప్రశ్నే. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు ఉత్తరం రాస్తే ఇంకొకరి ఖాతా పంపడమూ తప్పే కదా. దీనికి పన్నెండు అంకెల్లో చివరి నాలుగే కనబడే మాస్క్‌డ్ ఆధార్ తీయించి, ఆ జిరాక్సు మీద ఏటవాలుగా రెండు గీతలు కొట్టి, మధ్యలో ‘ఈ ఖాతా వివరాలు ఇవ్వడానికి మాత్రమే’ అని తేదీతో రాయించాడు. అక్షరాలు ఫొటో మీదికీ పేరు మీదికీ ఎక్కాయి. ఇంకెక్కడా పనికిరాకుండా, ఇక్కడ పనికొచ్చేలా.

పేజీలో మిగిలిన పావు భాగం గురించి చెప్పకపోతే ఈ పరిచయం సగమే. సంతకం చివరి లైనుకు ఆనుకుని ఉంటుంది. దాని కింద ఉన్న ఖాళీని స్కేలు పెట్టి ‘జెడ్’ ఆకారంలో కొట్టేశాడు. ఈ జాగ్రత్త ఆయన పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు. బొగ్గు బాయిల చుట్టూ ఖాళీ కాగితం ఎన్ని ఇళ్ళు కూల్చిందో ఆయన చూశాడు. వడ్డీకి తీసుకునేటప్పుడు ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం, ఖాళీ చెక్కులు, ఏటీఎం కార్డు, దాని పిన్ నంబరు, కొన్నిచోట్ల పాసుబుక్కు కూడా ఇచ్చేయడం ఇక్కడ తరాలుగా నడుస్తున్న వ్యవహారం. స్టాంపు అంటించిన ఖాళీ నోటు మీద సంతకం పెట్టిచ్చాడంటే, నింపుకునే అధికారం ఇచ్చినట్టే లెక్క అని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ అంటుంది. ఖాళీ చెక్కు మీద ఇష్టపూర్వకంగా సంతకం చేసినా అప్పు ఉన్నట్టే కోర్టు మొదట అనుకుంటుందని, కాదని రుజువు చేసే బరువు సంతకం చేసినవాడిదేనని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు పేరు తెలియని రోజుల నుంచే పెద్దబాపు కాగితంలో జానెడు తెల్ల జాగా వదల్లేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. చేతిబదులు వడ్డీ వ్యాపారం ముందు ఈ ఉత్తరం పెద్దగా పనిచేయదు. రికార్డు ఉన్నవాడి మీదనే రికార్డు ప్రశ్న పనిచేస్తుంది. తెలంగాణ ప్రాంతానికి 1349 ఫసలీ నాటి, అంటే నిజాం కాలపు, వడ్డీ వ్యాపారుల చట్టం ఒకటి ఉంది. లైసెన్సు ఉండాలనీ లెక్క రాయాలనీ అది ఎప్పుడో చెప్పింది. జీతాల రోజున ఇతరుల ఏటీఎం కార్డులు కట్టగా పట్టుకుని వరసలో నిలబడేవాడికి ఉత్తరం రాసి ఖాతా నకలు ఇమ్మంటే ఏమిస్తాడు? అలాంటివాళ్ళు వస్తే పెద్దబాపు కాగితం బయటికి తీయడు. ముందు బ్యాంకుకు తీసుకుపోతాడు. కార్డు ఆపించి కొత్తది తీసుకొమ్మంటాడు, తర్వాత మూడేళ్ళ స్టేట్‌మెంటు తీయిస్తాడు. జీతం పడ్డ రోజే, ఒకే ఏటీఎం నుంచి, నెల నెలా వరసగా తీసిన మొత్తాలు అందులో కనబడతాయి. వాటిలో కొన్ని, ఆ మనిషి బాయిలో ఉన్న వేళల్లో తీసినవి. స్టేట్‌మెంటు పక్కన మస్టర్ పెట్టి చూడడం టైం ఆఫీసు మనిషికి తప్ప ఇంకెవరికి తోస్తుంది? వడ్డీవాడు రాయని లెక్కను ఆయన అట్లా బ్యాంకు చేత రాయిస్తాడు.

ఫైనాన్స్ కంపెనీకి ఉత్తరం పోయిన రోజే రెండో పని కూడా జరిగింది. క్రెడిట్ రిపోర్టు తెప్పించడం. మన దేశంలో అలాంటి సంస్థలు నాలుగు: సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికోసారి ఒక్కొక్కటీ పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందరూ అందులో స్కోరు చూసి మూసేస్తారు. పెద్దబాపు నేరుగా చివరికి పోయాడు. ఆ మనిషి వివరాలు ఎవరెవరు, ఏ తేదీల్లో తీసి చూశారో ఆ జాబితా అక్కడ ఉంటుంది. మన గురించి అడిగినవాళ్ళ మస్టర్ అది. తప్పుందని రాస్తే 30 రోజుల్లో సరిచేయాలి, దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో చెప్పింది, 2024 ఏప్రిల్ నుంచి అమలు. ఈ దరఖాస్తులో కథ చెప్పలేదు. ‘ఫలానా వరుస, ఫలానా గడి, మీరు రాసింది ఇది, ఉండాల్సింది ఇది, జతచేసిన కాగితం ఇది.’ ఐదే మాటలు.

పెద్దబాపు రాతల్లో ఎదురు దిక్కు నుంచి రాసినది కూడా ఒకటి చూశాను. ఒక నోటు పట్టుకుని తిరుగుతున్న మనిషి సమాచార హక్కు చట్టం కింద, ఫలానా కార్మికుడి పే స్లిప్పులు, ప్రావిడెంట్ ఫండ్ నిల్వ, రిటైరయ్యే తేదీ ఇమ్మని కంపెనీకి దరఖాస్తు పెట్టాడు. మూడో వ్యక్తి సమాచారం ఇచ్చేముందు ఆ వ్యక్తికి నోటీసు ఇవ్వాలని ఆ చట్టం 11వ సెక్షన్ అంటుంది. నోటీసు అందిన పదిరోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. కార్మికుడు ఆ నోటీసు చూసి అరెస్టు వారెంటు అనుకుని భయపడ్డాడు.

పెద్దబాపు రాసిన అభ్యంతరం ఐదు వాక్యాలు. ఇవ్వొద్దని ఊరికే అడ్డం పడలేదు. దరఖాస్తుదారుకు రావాల్సింది ఉంటే దావా వేసి డిక్రీ తెచ్చుకోవచ్చు. డిక్రీ వస్తే జీతం వివరం కోర్టే కంపెనీని అడుగుతుంది. అప్పుడు కూడా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకు దొరకవు. బొగ్గుగనుల ప్రావిడెంట్ ఫండ్‌కు 1948 చట్టం రక్షణ ఉంది. ఉన్న దారిని వదిలి పక్కదారిన అడుగుతున్న ఈ వివరంలో ప్రజా ప్రయోజనం లేదు, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే 8(1)(జె) వర్తిస్తుంది. అంతే. అవతలివాడి నోటు నిజమా అబద్ధమా అన్న జోలికి పోలేదు. ఈ కాగితం ఆ తగాదాకు సాక్ష్యం కాకూడదని.

ఆ 8(1)(జె) మాటలే 2025 నవంబరులో మారాయి. అంతకుముందు, బహిరంగ కార్యకలాపంతో సంబంధం లేని, లేదా గోప్యతలోకి అనవసరంగా చొరబడే వ్యక్తిగత సమాచారానికే మినహాయింపు. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు. ఇకమీదట ఇలాంటి అభ్యంతరాలు రాయడం తేలికే. కానీ పెద్దబాపు దానికి సంతోషించలేదు, నేనూ సంతోషించలేను. బోగస్ మస్టర్లు, అక్రమ నియామకాలు బయటపెట్టడానికి దరఖాస్తు పెట్టేవాడికి కూడా అదే గోడ అడ్డం వస్తుంది. ప్రజాహితం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న 8(2) ఇంకా మిగిలి ఉంది. రేపు దాన్ని పట్టుకుని రాయాల్సిన ఉత్తరాలు ఎట్లుండాలో ఆయన ఇప్పటి నుంచే ఆలోచిస్తున్నాడు.

మొదటి ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పోయింది. చివర ‘30 రోజుల్లో’ అని రాయలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టి తేదీ వేశాడు. రోజుల లెక్కలో తగాదా రావచ్చు, తేదీలో రాదు. అవతలివాళ్ళ సంతకంతో తిరిగొచ్చిన పచ్చకార్డును ఉత్తరం నకలుకు గుండుసూదితో గుచ్చాడు. 2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆయనకు ఆ కార్డంటే ఎంత ఇష్టమో అప్పుడు తెలిసింది నాకు.

ఇరవై నాలుగో రోజున కంపెనీ నుంచి కవరొచ్చింది. నాలుగు పేజీల ఖాతా, అధికార పత్రం ఉన్నాయి. ఒప్పందం నకలు లేదు. నంబర్లు ఎక్కడివో జవాబు లేదు. అయితే ఆ వారం నుంచి పక్క క్వార్టర్‌కు, గని ఆఫీసుకు ఫోన్లు ఆగాయి. పెద్దబాపు కళ్ళద్దాలు సరిచేసుకుని, ఆ నాలుగు పేజీల పక్కన బ్యాంకు స్టేట్‌మెంటు పరిచి, మస్టర్ చూసినట్టు తేదీ మీద వేలు పెట్టుకుంటూ కిందికి వచ్చాడు. జీతంలోంచి కోతపడ్డ మూడు కిస్తులు కంపెనీ ఖాతాలో ఎక్కలేదు. ఆ మూడు తేదీలను ఎర్ర సిరాతో చుట్టాడు. ఆ మజ్దూర్ చూసి, కోర్టుకు పోదామా సారూ అని ఉద్రేకపడ్డాడు. పెద్దబాపు ఇంకో గీతల కాగితం తీసుకుని మొదటి వాక్యం మళ్ళీ రాశాడు. ఈసారి ఒక్క మాట చేర్చాడు.

“నా పేరు మీద బాకీ ఉన్నదని మీరు ఇంకా అంటున్న ఖాతా గురించి ఈ ఉత్తరం.”